కొత్త మ్యాక్ మినీ వచ్చేదాకా పాతదాన్ని లాక్కొచ్చిన తీరు

యాపిల్ 2014 అక్టోబరు 16న తన చిన్న డెస్క్‌టాప్ కంప్యూటరు మ్యాక్ మినీని మార్చింది. మళ్లీ మార్చింది 2018 అక్టోబరు 30న. మధ్యలో 1,475 రోజులు. ఆ నాలుగేళ్లూ అదే పెట్టె, ఇంటెల్ వారి అదే హాస్వెల్ తరం ప్రాసెసరు, అమెరికాలో అదే 499 డాలర్ల ప్రారంభ ధర. పాతబడే కొద్దీ ధర తగ్గుతుందనుకుంటే అదీ లేదు. ఐఫోన్ యాప్ తయారుచేయాలంటే యాపిల్ సాఫ్ట్‌వేర్ ఎక్స్‌కోడ్ కావాలి, ఎక్స్‌కోడ్‌కు మ్యాక్ తప్పనిసరి, మ్యాకుల్లో చవకైనది మినీ. అందుకే హైదరాబాదులో నలుగురైదుగురు పనిచేసే యాప్ ఆఫీసుల్లో, విడిగా పని చేసుకునేవాళ్ల ఇళ్లలో అదే ఎక్కువగా కనిపించేది. మేం వాడింది 2014 మినీల్లో మధ్య ధరది: 2.6 గిగాహెర్ట్జ్ ఐ5, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. కొత్తది వచ్చేదాకా దాన్ని ఎలా నడిపించాం, వచ్చాక ఏం కొన్నాం, ఎక్కడ చిక్కులొచ్చాయి అన్నది ఇక్కడ రాస్తున్నాను. 2014, 2018 మినీలు సెకండ్ హ్యాండ్‌లో ఇప్పటికీ తిరుగుతున్నాయి కాబట్టి విప్పే పద్ధతి కూడా వివరంగానే రాస్తాను.

ముందు 2014 మోడల్ మీద వాడేవాళ్లకు అంత కోపం ఎందుకో తెలియాలి. దానికి ముందు వచ్చిన 2012 మోడల్లో నాలుగు కోర్ల ఐ7 దొరికేది, 2.3 గానీ 2.6 గానీ. అడుగున ఉన్న గుండ్రటి నల్ల మూతను చేత్తో తిప్పితే ఊడొచ్చేది, కింద రెండు ర్యామ్ స్లాట్లు ఎదురుగా ఉండేవి. 8 జీబీ డీడీఆర్3 1600 కర్రలు రెండు నొక్కితే 16 జీబీ అయిపోయేది. రెండు 2.5 అంగుళాల డ్రైవులకు చోటుండేది. 2014లో ఇవన్నీ పోయాయి. ప్రాసెసరు ఏది తీసుకున్నా రెండు కోర్లే. ర్యామ్ బోర్డుకు అతికించేశారు, 499 డాలర్లదానిలో 4 జీబీయే. తిప్పితే వచ్చే మూత బదులు ఒత్తి పట్టించే మూత, దాని కింద మామూలు స్క్రూడ్రైవర్‌కు లొంగని మరలు. కొత్తగా ఇచ్చింది థండర్‌బోల్ట్ 2, 802.11ఏసీ వైఫై, మెరుగైన గ్రాఫిక్స్, పీసీఐఈ అనే వేగమైన కనెక్షన్ మీద నడిచే ఎస్ఎస్‌డీకి (తిరిగే డిస్కు లేని డ్రైవుకు) దారి. నాలుగు కోర్లు ఎందుకు తీసేశారో యాపిల్ చెప్పలేదు. చిప్పుల సంగతి తెలిసినవాళ్లు చెప్పే కారణం ఒకటుంది: 2012 మోడల్‌లోని ఐవీ బ్రిడ్జ్ తరంలో రెండు కోర్ల చిప్పూ నాలుగు కోర్ల చిప్పూ ఒకే బోర్డు మీద కూర్చునేవి, హాస్వెల్‌లో వాటి అమరిక వేరైంది, ఒక్క మినీ కోసం రెండు బోర్డులు చేయాల్సి వచ్చేది. కారణం ఏదైనా, ఒకేసారి చాలా పనులు చేసే లెక్కలో 2014 కొత్తదాని కంటే 2012 ఐ7 ముందుండేది. సెకండ్ హ్యాండ్‌లో 2012 ఐ7 ధర చాలాకాలం దిగకపోవడానికి ఇదే కారణం.

ఇలాంటి పరిస్థితిలో “కొత్తది రానీ, అప్పుడు చూద్దాం” అని కూర్చుంటే రోజూ పని నష్టం. మొదట తేల్చుకోవలసింది మినీలో మనల్ని ఆపుతున్నది ఏది అని. యాక్టివిటీ మానిటర్ తెరిచి మెమరీ ట్యాబ్‌లో కింద ఉండే ప్రెషర్ గ్రాఫ్ చూడాలి. పని మధ్యలో అది పసుపో ఎరుపో చూపిస్తూ, పక్కన స్వాప్ (ర్యామ్ చాలక డిస్కు మీద రాసుకున్నది) అంకె జీబీల్లోకి పోతే ర్యామ్ చాలట్లేదు. గ్రాఫ్ పచ్చగానే ఉండి, సీపీయూ కూడా ఖాళీగా ఉండి, యాప్ ఐకాన్ మాత్రం డాక్‌లో గెంతుతూనే ఉంటే డిస్కు వెనకబడింది. బిల్డ్ (కోడును యాప్‌గా కట్టడం) జరిగినంతసేపూ సీపీయూ రెండు కోర్లూ నిండిపోతే అది ప్రాసెసరు లోపం, దానికి మందు కొత్త యంత్రమే.

మా దగ్గర మూడూ ఉన్నాయి, కానీ సింహభాగం డిస్కుదే. 5400 ఆర్‌పీఎం డిస్కు ఒక చుట్టు తిరగడానికి 11 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు తల కిందికి రావడానికి సగటున అందులో సగం, తల జరగడానికి మరో పది పన్నెండు. అంటే సెకనుకు అరవై డెబ్బై చిన్న చదువులకు మించి చేయలేదు. ఎక్స్‌కోడ్ ప్రాజెక్టు తెరిస్తే చదివేవన్నీ వేల కొద్దీ చిన్న ఫైళ్లే. మామూలు సాటా ఎస్ఎస్‌డీ ఇదే పనిని సెకనుకు పదివేల లెక్కన చేస్తుంది. పైగా 2018 సెప్టెంబరులో మ్యాక్ ఓఎస్ కొత్త వెర్షన్ మోహావే వచ్చి పరిస్థితిని ఇంకా దిగజార్చింది. అంతకు ముందు ఏడాది వచ్చిన హై సియెరా ఎస్ఎస్‌డీలను మాత్రమే యాపిల్ కొత్త ఫైల్ సిస్టమ్ ఏపీఎఫ్ఎస్‌కు మార్చేది, మోహావే హార్డ్ డిస్కుల్నీ ఫ్యూజన్ డ్రైవుల్నీ (హార్డ్ డిస్కూ ఎస్ఎస్‌డీ కలిపినవి) కూడా మార్చేసింది. ఏపీఎఫ్ఎస్‌లో ఏదైనా మారిస్తే పాతచోట రాయదు, కొత్తచోట రాస్తుంది. ఎస్ఎస్‌డీకి అది లెక్కలోది కాదు. తిరిగే డిస్కు మీద మాత్రం ఫోల్డర్ వివరాలు నలుమూలలా చెల్లాచెదురై, ఒక ఫోల్డర్ తెరవడానికి తల అటూ ఇటూ పరిగెత్తాలి. “మోహావే వేశాక మినీ చచ్చిపోయింది” అన్నవాళ్లలో ఎక్కువమంది తిరిగే డిస్కువాళ్లే.

దీనికి తేలిక మార్గం మినీని విప్పకుండానే ఉంది. 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ ఒకటి, యూఎస్‌బీ 3 కేసు ఒకటి. కేసు యూఏఎస్‌పీ (యూఎస్‌బీ డ్రైవులను వేగంగా నడిపే పద్ధతి) పనిచేసేదై ఉండాలి, పాత రకమైతే వేగం బాగా పడిపోతుంది. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో, కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ఈ రెండూ ఏ షాపులోనైనా దొరికేవి. డిస్క్ యుటిలిటీలో వ్యూ మెనూకి వెళ్లి “షో ఆల్ డివైసెస్” పెట్టి, పార్టిషన్‌ను కాకుండా పై వరుసలోని డ్రైవునే ఎంచుకుని, జీయూఐడీ పార్టిషన్ మ్యాప్‌తో చెరపాలి. ఎస్ఎస్‌డీని పాత పద్ధతి ఎంబీఆర్ మ్యాప్‌తో వదిలేస్తే ఇన్‌స్టాలర్ దాని మీద ఎక్కదు. తర్వాత కార్బన్ కాపీ క్లోనర్‌తో పాత డిస్కును దించుకోవచ్చు, లేదా తాజాగా మ్యాక్ ఓఎస్ వేసుకోవచ్చు. ఆప్షన్ కీ నొక్కిపట్టి ఆన్ చేస్తే డ్రైవుల వరుస వస్తుంది. సరిగ్గా లేచిందని చూసుకున్నాక సిస్టమ్ ప్రిఫరెన్సెస్‌లో స్టార్టప్ డిస్క్‌గా దాన్నే పెట్టాలి. లోపలి హార్డ్ డిస్కు బ్యాకప్‌కు మిగులుతుంది.

ఈ పద్ధతిలో రెండు లోపాలు. యూఎస్‌బీ మీద మ్యాక్ ఓఎస్ ట్రిమ్ (ఏ చోట్లు ఖాళీ అయ్యాయో ఎస్ఎస్‌డీకి చెప్పే ఆదేశం) పంపదు కాబట్టి నిండుగా వాడితే రాసే వేగం కాలక్రమంలో తగ్గుతుంది. పాతిక శాతం ఖాళీ ఉంచితే పెద్దగా తెలియదు. రెండోది కేబుల్. బల్ల తుడిచేటప్పుడు చేయి తగిలి కనెక్షన్ ఒక్క క్షణం పోయినా సిస్టమ్ మొత్తం బిగుసుకుపోతుంది. కేసును మినీ వెనకాల రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించేస్తే ఆ గొడవ ఉండదు. అయితే వెనక నల్లటి గీతలా కనిపించే గాలి దారికి అడ్డం రానివ్వకూడదు.

ఎస్ఎస్‌డీ లోపలికే వెళ్లాలనుకుంటే చేతికి కాస్త ఓపిక కావాలి. పనిముట్లు ఇవి: నడుమ చిల్లు ఉన్న టీ6 సెక్యూరిటీ టోర్క్స్ బిట్, మామూలు టీ6, టీ8 బిట్లు, ప్లాస్టిక్ పట్టీ, బోర్డు లాగే యూ ఆకారపు ఇనుప కడ్డీ. ఆ కడ్డీని కొనకపోయినా ఫర్వాలేదు, బట్టలు తగిలించే ఇనుప హ్యాంగర్ తీగను వంచి చేసుకోవచ్చు. టీ6 మీద పిసినారితనం వద్దు. మరల మధ్యలో సన్నటి మొన ఉంటుంది, చిల్లు లేని బిట్ కూర్చోదు. బలవంతం చేస్తే మర తల అరిగిపోతుంది, ఆ తర్వాత డ్రిల్ పెట్టాల్సిందే.

మినీని మెత్తటి గుడ్డ మీద బోర్లా పెట్టి, నల్ల మూత అంచున ప్లాస్టిక్ పట్టీ దూర్చి చుట్టూ కొద్దికొద్దిగా లేపాలి. లోపల క్లిప్పులు పట్టుకుని ఉంటాయి, ఒకేచోట ఎత్తితే విరుగుతాయి. మూత తీశాక కనిపించేది యాంటెనా పళ్లెం. దాని మరలు విప్పి ఒక్కసారిగా ఎత్తకండి, కింద సన్నటి యాంటెనా తీగ బోర్డుకు తగిలి ఉంటుంది. తలను నిట్టనిలువుగా పైకి లేపి ఊడదీయాలి. తర్వాత ఫ్యాన్. ఎక్కువ బోర్డులు పాడయ్యేది ఇక్కడే. ఫ్యాన్ కేబుల్‌ను తీగ పట్టుకుని లాగితే ప్లగ్గు ఒక్కటే రాదు, బోర్డు మీది సాకెట్టూ ఊడొస్తుంది. ప్లాస్టిక్ పట్టీని తీగల కింద దూర్చి, అటూ ఇటూ ఆడిస్తూ పైకి లేపితేనే ప్లగ్గు వదులుతుంది. ముందువైపు ఉండే ఐఆర్ (రిమోట్ సంకేతం అందుకునే) రిసీవర్ కేబుల్ ఇంకా సున్నితం, అదీ అంతే. ఫ్యాన్ పక్కన గాలి మలిపే నల్ల ప్లాస్టిక్ ముక్క, డ్రైవు కేబుల్, పవర్ కేబుల్ అన్నీ విడదీశాక బోర్డు బయటికి జరుగుతుంది. యూ కడ్డీ రెండు కొసలనూ బోర్డులో వాటికోసమే ఉన్న రెండు రంధ్రాల్లో దించి, వెనక పోర్టుల వైపు మెల్లగా నెడితే టక్కున వదులుతుంది. పక్కనే అలాంటి రంధ్రాలు ఇంకా కనిపిస్తాయి. వాటిలో పెట్టి నెడితే బోర్డు మీది భాగాలు చితికిపోతాయి.

2012లో పై డ్రైవు బోర్డు కదపకుండానే వచ్చేది. 2014లో బోర్డు బయటికి రానిదే డ్రైవు రాదు, అందుకే ఈ తతంగమంతా. పాత డ్రైవు పక్కలకున్న మరలను ఎస్ఎస్‌డీకి బిగించి, అదే దిక్కులో కూర్చోబెట్టాలి. బిగించేటప్పుడు ఏ మర ఎక్కడిదో తెలియాలంటే, విప్పేటప్పుడే కాగితం మీద మినీ బొమ్మ గీసి ఆయా చోట్ల మరలను టేపుతో అతికించండి. పొడుగులు వేరు, పొడుగు మర పొట్టిదాని చోట బిగిస్తే అడుగున ఉన్నదేదో చిట్లుతుంది. అయిపోయాక కమాండ్, ఆప్షన్, ఆర్ కీలు నొక్కిపట్టి ఆన్ చేస్తే ఇంటర్నెట్ రికవరీ వచ్చి, ఆ యంత్రానికి నప్పే తాజా మ్యాక్ ఓఎస్ దించుతుంది. అది వేసి, టెర్మినల్‌లో ట్రిమ్‌ఫోర్స్ కమాండుతో ట్రిమ్ ఆన్ చేయాలి. యాపిల్ ఎస్ఎస్‌డీలకు అది తనంతట తానే ఉంటుంది, బయటివాటికి మనమే చెప్పాలి.

మూడో దారి పీసీఐఈ. హార్డ్ డిస్కు మాత్రమే ఉన్న 2014 మినీలో కూడా బోర్డు మీద ఎస్ఎస్‌డీ కనెక్టరు ఖాళీగా ఉంటుంది. దానికి సరిపడే కేబుల్, ఎం.2 అడాప్టర్ వేరుగా కొంటే మామూలు ఎన్‌వీఎంఈ డ్రైవు (పీసీఐఈ మీద నడిచే ఎస్ఎస్‌డీ) పెట్టొచ్చు. కానీ ఇది హై సియెరా వచ్చాకే కుదిరింది. దానితో పాటే ఫర్మ్‌వేర్ (యంత్రాన్ని లేపే బోర్డు మీది సాఫ్ట్‌వేర్) మారి, బయటి కంపెనీల ఎన్‌వీఎంఈ నుంచి బూట్ కావడం మొదలైంది. అందుకే పాత డిస్కు ఉండగానే హై సియెరా గానీ మోహావే గానీ ఒకసారి వేయాలి, ఆ తర్వాతే విప్పాలి. వరస తప్పితే కొత్త డ్రైవు కనిపించదు, డ్రైవే చెడిపోయిందనుకుని షాపుకు తిరుగుతారు.

ర్యామ్‌కు మాత్రం మందు లేదు. 4 జీబీ మినీ కొన్నవాళ్లు ఎస్ఎస్‌డీ వేసినా సగమే బాగుపడతారు. 8 జీబీతో ఎక్స్‌కోడ్ నడపాలంటే సిమ్యులేటర్ మానేసి నిజమైన ఫోన్ మీద పరీక్షించడం, క్రోమ్ బదులు సఫారీ వాడడం, బిల్డులో పుట్టే ఫైళ్లుండే డిరైవ్‌డ్ డేటా ఫోల్డర్‌ను స్పాట్‌లైట్ ప్రైవసీ జాబితాలో చేర్చి వెతుకులాట ఆపించడం. ఈ మూడు చేస్తే స్వాప్ అదుపులో ఉంటుంది.

ఇక ఎదురుచూపు సంగతి. 2016 అక్టోబరు సభలో మ్యాక్‌బుక్ ప్రో వచ్చింది, మినీ రాలేదు. 2017 ఏప్రిల్‌లో మ్యాక్ ప్రో గురించి విలేకరులతో మాట్లాడుతూ యాపిల్ మార్కెటింగ్ అధిపతి ఫిల్ షిల్లర్, మినీ మా వరసలో ముఖ్యమైనదే అన్నారు, అంతకు మించి పెదవి విప్పలేదు. అదే ఏడాది జూన్‌లో ఐమ్యాక్‌లూ మ్యాక్‌బుక్‌లూ మారాయి, మినీ మారలేదు. అక్టోబరులో ఓ వినియోగదారుడి ఈమెయిలుకు టిమ్ కుక్ జవాబిస్తూ, మినీ ముందుముందు కూడా ముఖ్యమైన భాగమేనని, వివరాలకు ఇంకా సమయం రాలేదని రాశారు. 2018 ఆగస్టులో బ్లూమ్‌బర్గ్ కథనం వచ్చేదాకా నమ్మదగ్గ ఆచూకీ లేదు.

ఈ మాటల మీద ఆధారపడి కొనుగోలు నిర్ణయించుకుంటే నాలుగేళ్లూ ఊగిసలాటే. పనికొచ్చే గడియారం వేరే ఉంది. ఏటా జూన్‌లో కొత్త మ్యాక్ ఓఎస్‌తో పాటు అది ఏయే యంత్రాల మీద నడుస్తుందో జాబితా వస్తుంది. దాని వెంట ఎక్స్‌కోడ్ కొత్త వెర్షన్‌కు కనీసం ఏ మ్యాక్ ఓఎస్ కావాలో తెలుస్తుంది. మరుసటి ఏడాది వసంతానికల్లా, యాప్ స్టోర్‌కు పంపేవన్నీ ఆ ఎక్స్‌కోడ్‌తోనే కట్టాలన్న గడువు పడుతుంది. యాప్‌లు చేసేవాళ్లకు యంత్రం ఆయువు ఈ చివరి గడువుతో తీరుతుంది. 2018 జూన్‌లో మోహావే జాబితాలో 2012 మినీ కూడా ఉంది. అంటే 2014ది ఇంకొంత కాలం నిక్షేపంగా పనికొస్తుందని అప్పుడే తేలిపోయింది. ఎస్ఎస్‌డీ వేసినవాళ్లకు తొందర లేదు, తిరిగే డిస్కుతో వేగలేకపోతున్నవాళ్లు కూడా కంప్యూటరే మార్చనక్కర్లేదు.

2018 అక్టోబరు 30న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో జరిగిన సభలో కొత్తది వచ్చింది. పెట్టె ఆకారం మారలేదు: 7.7 అంగుళాల చదరం, 1.4 అంగుళాల ఎత్తు. రంగు ముదురు బూడిదగా మారింది. లోపలంతా కొత్తదే. 3.6 గిగాహెర్ట్జ్ నాలుగు కోర్ల ఐ3, 3.0 ఆరు కోర్ల ఐ5, 3.2 ఆరు కోర్ల ఐ7. నాలుగు థండర్‌బోల్ట్ 3, హెచ్‌డీఎంఐ 2.0, రెండు యూఎస్‌బీ-ఏ. పవర్ సప్లయ్ 85 వాట్ల నుంచి 150కి పెరిగింది. ధర కూడా 499 నుంచి 799 డాలర్లకు ఎగిరింది, మన దగ్గర రూ. 75,900. ఆ ధరకు 8 జీబీ ర్యామ్, 128 జీబీ ఎస్ఎస్‌డీ. చవక మ్యాక్ అన్న పేరు అక్కడితో పోయింది.

ర్యామ్ మళ్లీ స్లాట్లలోకి రావడం ఒక్కటే ఊరట. ఎస్ఎస్‌డీ మాత్రం బోర్డుకే అతికించారు. ఏది ముందే సరిగ్గా ఎంచుకోవాలి, ఏది తర్వాత చూసుకోవచ్చు అన్నది ఇక్కడే తేలిపోతుంది. ప్రాసెసరు, ఎస్ఎస్‌డీ, 10 గిగాబిట్ ఈథర్‌నెట్, ఈ మూడూ కొనేటప్పుడే. ర్యామ్ 8తో తీసుకుని తర్వాత మార్చుకోవచ్చు. యాపిల్ 64 జీబీకి అదనంగా 1,400 డాలర్లు అడిగింది, బయట అవే డీడీఆర్4 2666 కర్రలు దానికంటే ఎంతో చవక. 128 జీబీ జోలికి పోవద్దని నా మాట. ఎక్స్‌కోడ్, దాని సిమ్యులేటర్లు, రెండు మూడు ప్రాజెక్టుల డిరైవ్‌డ్ డేటా కలిస్తే అది ఇట్టే నిండుతుంది. నిండిన ఎస్ఎస్‌డీతో మ్యాక్ ఓఎస్ అప్‌డేట్ కూడా దిగదు. బిల్డులకు ఆరు కోర్ల ఐ5 సరైన ఎంపిక. ఐ7కు హైపర్ థ్రెడింగ్ (ఒక్కో కోరు రెండు పనులు పట్టడం) అదనంగా ఉన్నా, ఆ చిన్న పెట్టెలో పూర్తి లోడ్ మీద 100 డిగ్రీలకు చేరి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

మన దగ్గర అప్పటికి యాపిల్ ఆన్‌లైన్ స్టోర్ లేదు, అది 2020 సెప్టెంబరులో వచ్చింది. రీసెల్లర్ షాపుల్లో నిల్వ ఉండేవి రెండు సిద్ధం మోడళ్లే: ఐ3 128, ఐ5 256. వేరే కలయిక కావాలంటే డబ్బు కట్టి వారాలు చూడాలి, మధ్యలో మనసు మార్చుకోవడం కుదరదు. ఐ5 256 తీసుకుని ర్యామ్ బయట కొనడం, పెద్ద ఫైళ్లకు థండర్‌బోల్ట్ గానీ యూఎస్‌బీ-సీ గానీ ఎస్ఎస్‌డీ పెట్టుకోవడం అన్నిటికంటే తేలికైన దారి.

2018 మినీలో ర్యామ్ మార్చడం 2014లో డ్రైవు మార్చినంత కష్టం కాదు. కావలసినవి టీ5, టీ6, టీ10 సెక్యూరిటీ బిట్లు, 260 పిన్నుల ఎస్ఓడిమ్‌లు (చిన్న ర్యామ్ కర్రలు) 1.2 వోల్టులవి, రెండూ ఒకే రకం. మూత, యాంటెనా పళ్లెం, ఫ్యాన్ దాకా పద్ధతి పాతదే. పళ్లెం మరల్లో పొట్టివీ పొడుగువీ ఉంటాయి, కలిపేయకూడదు. తర్వాత బోర్డును పట్టి ఉంచే రెండు టీ10 మరలు విప్పి, పవర్ ప్లగ్గు, ఎల్ఈడీ కేబుల్ తీసి, మినీని నిలబెట్టి, ఫ్యాన్ ఉన్న వైపు నుంచి రెండు బొటనవేళ్లతో నెడితే బోర్డు వెనక పోర్టులతో సహా జారి వస్తుంది. కడ్డీ అక్కర్లేదు. ర్యామ్ మీద లోహపు కప్పు ఉంటుంది, దానికి నాలుగు టీ5 మరలు. అవి చాలా చిన్నవి, అయస్కాంతం బిట్ లేకపోతే ఫ్యాన్ గుంటలోకి పడి కనిపించవు. కప్పు తీశాక ర్యామ్ పక్కనున్న క్లిప్పులు వెడల్పు చేస్తే కర్ర ఏటవాలుగా లేస్తుంది. కొత్తది అదే కోణంలో పూర్తిగా లోపలికి దూర్చి, ఆ తర్వాతే కిందికి నొక్కాలి. సగమే దూరితే ఆన్ చేసినప్పుడు తెర నల్లగానే ఉండి బీప్ శబ్దాలు వస్తాయి. వాటిని విని బోర్డు పోయిందని హడలిపోనక్కర్లేదు, మళ్లీ విప్పి గట్టిగా కూర్చోబెడితే చాలు.

పాతదాని నుంచి సరుకు దించుకోవడానికి థండర్‌బోల్ట్ అడాప్టర్ కోసం వెతకక్కర్లేదు. రెంటికీ ఈథర్‌నెట్ ఉంది, ఒక కేబుల్‌తో నేరుగా కలిపి మైగ్రేషన్ అసిస్టెంట్ నడిపితే సెకనుకు 110 ఎంబీ దాకా వస్తుంది. 300 జీబీకి లెక్కప్రకారం ముప్పావు గంట, చిన్న ఫైళ్లు ఎక్కువైతే ఇంకొంచెం. పాతది తిరిగే డిస్కుదైతే కేబుల్ ఎంత మంచిదైనా ఆ డిస్కే ఆపుతుంది. అన్నీ దించకుండా తాజాగా మొదలుపెట్టాలనుకుంటే ఒక్కటి మరవకూడదు: యాప్ సంతకానికి వాడే సర్టిఫికెట్ తాలూకు ప్రైవేట్ కీ పాత మినీ కీచైన్‌లో (పాస్‌వర్డులూ కీలూ దాచే చోట) ఉంటుంది. దాన్ని పీ12 ఫైలుగా తీసి, పాస్‌వర్డ్ పెట్టి దాచాకే పాత డిస్కు చెరపాలి. ఆ కీ పోతే సర్టిఫికెట్ రద్దు చేసి కొత్తది తీసుకోవాలి. బృందంలో మిగతావాళ్ల బిల్డులు కూడా ఆరోజు ఆగిపోతాయి.

2018 మినీలో యాపిల్ భద్రతా చిప్ టీ2 తెచ్చిన పట్టింపులు కొన్ని. బయటి డ్రైవు నుంచి బూట్ చేయడం మొదట్లో నిషిద్ధం. కమాండ్, ఆర్ నొక్కి రికవరీలోకి వెళ్లి, స్టార్టప్ సెక్యూరిటీ యుటిలిటీలో ఎక్స్‌టర్నల్ బూట్ అనుమతించాలి. ఆ పనికి తీగ ఉన్న కీబోర్డు పెట్టుకోండి, బ్లూటూత్ కీబోర్డు అందుకునేలోపే ఆ క్షణం దాటిపోతుంది. యూఎస్‌బీ ఆడియో పరికరాలు వాడేవాళ్లకు శబ్దం మధ్యలో చిట్లడం మొదట్లో బాగా ఇబ్బంది పెట్టింది, 2019 మార్చిలో 10.14.4 వచ్చాక తగ్గింది. బయటి గ్రాఫిక్స్ పెట్టె వాడుతూ ఫైల్‌వాల్ట్ (డిస్కును పాస్‌వర్డుతో తాళం వేసే సదుపాయం) ఆన్ చేస్తే లాగిన్ తెర కనిపించదు, ఎందుకంటే లాగిన్ అయ్యేదాకా ఆ పెట్టె మేల్కోదు. ఆన్ చేసేటప్పుడు మానిటర్‌ను మినీకే తగిలించి, డెస్క్‌టాప్ వచ్చాక మార్చుకోవాలని యాపిలే చెప్పింది. మౌస్ ఆగి ఆగి కదులుతుంటే ముందు యూఎస్‌బీ-ఏ పోర్టులో ఉన్న డ్రైవు తీసి చూడండి. యూఎస్‌బీ 3 రొద 2.4 గిగాహెర్ట్జ్ మీద పడి బ్లూటూత్‌ను చెడగొడుతుంది. డ్రైవును పొడుగు కేబుల్‌తో దూరం జరిపి, వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మారిస్తే సర్దుకుంటుంది.

మానిటర్ లేకుండా మూలన పెట్టి బిల్డులు నడిపేవాళ్లకు మన కరెంటు కోతలు ఇంకో తలనొప్పి. ఎనర్జీ సేవర్‌లో “కరెంటు పోయి వస్తే తనంతట తానే ఆన్ కావాలి” అన్న గడి తప్పకుండా టిక్ చేయాలి. కానీ ఫైల్‌వాల్ట్ ఆన్‌లో ఉంటే మినీ లేచి పాస్‌వర్డ్ కోసం కూర్చుంటుంది, అప్పటికి నెట్‌వర్క్ కూడా ఉండదు, ఇంటి నుంచి స్క్రీన్ షేరింగ్ అందదు. చిన్న 600 వీఏ యూపీఎస్ మినీకీ రూటర్‌కీ కలిపి సరిపోతుంది, ప్రింటర్ మాత్రం దానికి తగిలించకండి.

ఇంతా చేస్తే రెండేళ్లకే, 2020 నవంబరులో యాపిల్ సొంత చిప్ ఎం1తో మినీ 699 డాలర్లకు, ఇక్కడ రూ. 64,900కు వచ్చింది. 2018లో అంత పెట్టి కొన్నవాళ్ల ముఖాలు చూడాలి. ఆ తర్వాత 2023 జనవరిలో ఎం2, 2024 అక్టోబరులో 5 అంగుళాల చదరానికి కుదించిన ఎం4, 16 జీబీతో రూ. 59,900. మధ్యలో ఎం3ని మినీకి ఇవ్వనే లేదు. వీటన్నిటిలో ర్యామ్ మళ్లీ చిప్పుతోనే కలిసిపోయింది, తర్వాత పెంచుకునే వీలు లేదు. అందుకే ఇప్పుడు కొనేవాళ్లు లెక్క తిరగేయాలి: నిల్వ బయట పెట్టుకోవచ్చు, ర్యామ్ మాత్రం అవసరమనుకున్నదానికి ఒక మెట్టు పైనే తీసుకోండి. 2018ది సెకండ్ హ్యాండ్‌లో కనబడితే, 2025లో వచ్చిన మ్యాక్ ఓఎస్ టాహో దాని మీద ఎక్కదని తెలుసుకుని బేరమాడండి.

2014 మినీ మ్యాక్ ఓఎస్ మాంటెరీ దగ్గర ఆగిపోయింది. 2024 ఏప్రిల్ నుంచి యాప్ స్టోర్ ఎక్స్‌కోడ్ 15 అడగడంతో, దానికి తర్వాతి వెర్షన్ వెంచురా తప్పనిసరి కాబట్టి, బిల్డుల పని నుంచి అది తప్పుకుంది. అమ్మితే వచ్చేది అంతంత మాత్రమే. ఎస్ఎస్‌డీ ఉన్నదైతే ఈథర్‌నెట్‌తో రూటర్‌కు కలిపి, సిస్టమ్ ప్రిఫరెన్సెస్‌లో షేరింగ్‌కు వెళ్లి కంటెంట్ క్యాషింగ్ ఆన్ చేయండి. ఆఫీసులో ఒక ఐఫోన్ దించిన ఐఓఎస్ అప్‌డేట్‌ను తన దగ్గరే దాచి, మిగతా ఫోన్లకు అక్కడి నుంచే ఇస్తుంది. ఆప్షన్స్‌లో క్యాష్ పరిమాణం 100 జీబీకి కట్టేయడం మంచిది, లేకపోతే డిస్కు ఖాళీ ఉన్నంతా అదే ఆక్రమిస్తుంది. అదే మినీలో పాత హార్డ్ డిస్కు ఇంకా ఉంటే ఫోల్డర్ షేర్ చేసి, టైమ్ మెషీన్ బ్యాకప్‌కు గుర్తు పెట్టొచ్చు, తిరిగే డిస్కుకు ఆ పని చాలు.